కరగిన పాదలేపనము

గడచిన మాసమున ఊరగాయ జాడీలను ఎండబెట్టుటను గూర్చి వ్రాసిన చేతితోనే ఈ మాసమున ఇటలీదేశపు రైలుబండ్లను గూర్చి వ్రాయుచున్నాను. మీరు నవ్వుకొందురేమో! నవ్వుకొనుడు, నేనును నవ్వుకొనుచునే వ్రాయుచున్నాను. కాని ఆ బండ్లలో నాకు తటస్థించిన చిక్కులలో ఒక్క మాట మన ఇండ్లకు పనికివచ్చునట్టిది దొరకినది. అది చెప్పవలెననియే ఈ ప్రయత్నము.

ప్రవరుని కథ మీరెరుగనిది కాదు. అల్లసాని పెద్దనగారి మనుచరిత్రములోని ఆ గృహస్థునకు దూరదేశములు చూడవలెనని ఎంతయో కోరిక. ఇంటికి వచ్చిన సిద్ధుడు పాదలేపనము నొసగగా, దానిని కాళ్లకు పూసికొని హిమాలయమునకు చేరెను. అచటి వింతలు చూచుచు ప్రొద్దు మరచెను. మంచు కరగినది, మంచుతో పాటు లేపనమును కరగినది. అడుగు కదలదు, దారి తెలియదు. చిన్ననాట మా తండ్రిగారు ఈ ఘట్టము చదివించునపుడు, “ఇంత చదివినవాడు ఇల్లు చేరుట ఎట్లో ముందుగా తలపోయలేదేమి?” అని నేను పరిహసించెడిదానను. ఆ పరిహాసమునకు ఫలము నలుబదియేండ్లు నిండకమునుపే అనుభవించితిని.

మావారు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధింతురు. పదునెనిమిదేండ్లుగా రోము నగరమును నల్లబల్లపై సుద్దముక్కతో వ్రాయుచు, చెరుపుచు ఉన్నారు. ఒక్కమారైన దానిని కంట చూడవలెనని ఆయన ఆశ. అయిదేండ్లు చీటీ కట్టి, ఆ సొమ్ముతో ఇద్దరికిని విమానపు టిక్కెట్లును వీసాలును సంపాదించితిమి. తీరా ప్రయాణము పదిదినము లున్నదనగా, పరీక్షల జవాబుపత్రములు దిద్దు పనికి ఆయన తప్పక హాజరు కావలెనని ఉత్తరువు వచ్చెను. టిక్కెట్ల సొమ్ము తిరిగి రాదు. “నీవు వెళ్లి రమ్ము. నాకు బదులు నీవు చూచి చెప్పుము” అని ఆయన అనిరి. నేను వల్లకాదంటిని. అపుడు మా అత్తగారు వత్తులు చేయుచున్న చేయి ఆపి, “అమ్మాయీ, మా రోజులలో అక్షరము రాని ముసలమ్మలు కాశీకి పోయి వచ్చిరి. నీకు మూడు భాషలు వచ్చును. పిల్లను నేను చూచుకొందును, బయలుదేరుము” అనిరి. ఆమె మాటకు మా ఇంట ఎదురు లేదు.

నాకు కలిగిన భయము దొంగలను గూర్చినది కాదు, పరదేశమును గూర్చినదియు కాదు. పుట్టినింట తండ్రిగారి చేతిలోను, మెట్టినింట మావారి చేతిలోను తప్ప టిక్కెట్టు నా చేతిలో ఏనాడును ఉండలేదు. భారతము పదునెనిమిది పర్వములు చదివితిని గాని, స్టేషనులో పలక మీద బండిపేరు చదివి నాయంత నేను ఎక్కి ఎరుగను. ఈ సంగతి విమానములో కూర్చుండిన పిమ్మట గాని నాకే తెలియలేదు.

బయలుదేరునపుడు మావారు ఒక చిన్న నోటుపుస్తకము ఇచ్చిరి. అందు చూడవలసిన స్థలముల పట్టికయు, బసల చిరునామాలును ముత్యములవంటి అక్షరములతో వ్రాసియుండెను. “ఇవియన్నియు సెల్‌ఫోనులో నున్నవి గదా!” అంటిని. “ఉండనిమ్ము. కాగితమునకు చార్జింగు అక్కరలేదు” అనిరి. ఆ ఫోనే నాకు సిద్ధుడిచ్చిన పాదలేపనము. దారి చూపును, భాష మార్చి చెప్పును, టిక్కెట్టు చూపును. ఇక నాకేమి కొదవ అనుకొంటిని.

రోములో మూడుదినము లుంటిని. పట్టికలో మొదటి పేరు కొలోసియము. వెస్పాసియను చక్రవర్తి కాలమున మొదలయి, ఆయన కుమారుడు తీతు కాలమున, క్రీ. శ. 80లో తెరువబడినది. ఏబదివేల మంది కూర్చుండి మనుష్యులును మృగములును చచ్చుట చూచి సంతోషించిన చోటు. దాని గొప్పతనమునకు తల వంచితిని గాని మనసు నిలువలేదు. నా మనసు నిలిచినది పాంథియనులో. హాడ్రియను చక్రవర్తి కాలమున, ఇప్పటికి పందొమ్మిదివందల ఏండ్లకు పూర్వము కట్టిన సర్వదేవతల ఆలయమది. 609వ సంవత్సరమున క్రైస్తవ దేవాలయముగా మారినది. దాని గుమ్మటము అడ్డుకొలత నలుబదిమూడు మీటర్లు. నేలనుండి నడినెత్తి వరకు ఎత్తును అంతయే. నడినెత్తిన మూత లేని గుండ్రని కన్ను. నేను లోపల నుండగా చినుకులు పడెను. ఆ కంటి గుండ వాన తిన్నగా నేల మీదికి దిగుచుండ, నేలలో చెక్కిన చిన్న రంధ్రముల గుండ నీరు జారిపోవుచుండెను. మన పల్లెలలోని మండువా యిండ్ల నడిమి వాకిలి నాకు స్ఫురించినది. వేలమైళ్ల దూరమున మా అమ్మమ్మగారి ఇల్లు కనబడినంత సంతోషమయినది.

మరియొక వింత. ఆ నగరపు వీధులలో వేలకొలది ఇనుపకుళాయిలు రేయింబవళ్లు త్రాగునీరు పోయుచుండును. 1874లో మొదట నిలిపిరట. వంగిన గొట్టము ముక్కువలె నుండుటచే జనులు వానిని పెద్దముక్కులని పిలుతురు. నేను సీసా నింపుకొని, రొట్టెముక్కలలో ఇంటినుండి తెచ్చుకొన్న కందిపొడి అద్దుకొని, మెట్లమీద కూర్చుండి తినుచుంటిని. వారి భాష చెవికి పరాయిగా తోచలేదు. పలుకులు మన పలుకులవలెనే అచ్చుతో ముగియును: రైలు త్రేనో, ప్లాటుఫారము బినారియో, ఆలస్యము రితార్దో. తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అనుటలోని సొగసు అపుడు తెలిసినది. అర్థము తెలియుట మాత్రము వేరు సంగతి!

నాల్గవనాడు ఫ్లోరెన్సునకు ప్రయాణము. ఆ నగరమునకు వారి భాషలో ఫిరెంజె అని పేరు. ఆ సంగతి మావారు ముందే చెప్పియుండిరి. నేను గర్వముతో తెర్మిని స్టేషనులో పెద్దపలక ముందు నిలిచి ఫిరెంజె అను పేరు కొరకు చూచుచుంటిని. ముప్పదికి పైగా ప్లాటుఫారములు గల స్టేషను అది. ఏ బండి ఏ ప్లాటుఫారమునకు వచ్చునో బయలుదేరుటకు కొద్ది నిమిషముల ముందు గాని తెలియదు. పేర్లు మారుచున్నవి, ఫిరెంజె రాదు. నా బండి వేళ దాటినది. రైల్వే దుస్తులలోనున్న ఒకనికి టిక్కెట్టు చూపితిని. అతడు చేయెత్తి దూరముగా పోవుచున్న బండి వెనుకభాగమును చూపెను! పలక మీద వ్రాయునది బండి చివరకు చేరు ఊరు గాని, నడుమ నిలుచు ఊరు కాదు. నా బండి ఫ్లోరెన్సు మీదుగా వెనిసునకు పోవునది. వెనిసు పేరు ముమ్మారు చదివియు నాది కాదని ఊరకుంటిని. టిక్కెట్టుపై బండి సంఖ్య స్పష్టముగా ఉన్నది. దానిని చూడవలెనని నాకు తోచలేదు.

చవుకగా కొన్న టిక్కెట్టగుటచే అది ఆ బండికే చెల్లును. సొమ్ము పోయినది. ఒక మూల పెట్టెమీద కూర్చుండి కొంతసేపు కన్నీరు పెట్టుకొంటిని. పిమ్మట లేచి, ప్రతి ఊరను ఆగుచు పోవు బండికి టిక్కెట్టు కొంటిని. కిటికీ వెనుకనున్న ఆమె చేయి చాపి ఏదియో చెప్పెను. తెలియకయే తల యూపితిని. ఈ తల యూపుట ఎంత చెడ్డ అలవాటో ముందు తెలియగలదు.

గంటన్నరలో చేరవలసిన నేను నాలుగు గంటలకు చేరువగా ప్రయాణము చేసితిని. కాని ఏమి చెప్పుదును! వేగపు బండి సూటిదారిని సొరంగములలో దూరిపోవును. ఈ పాతదారి నదుల వెంట వంపులు తిరుగుచు పోవును. ఒరవియేతో అను ఊరు నిట్టనిలువు రాతిదిమ్మె నెత్తిన, దేవుని గదిలో పీటమీద పెట్టిన బొమ్మల కొలువువలె కనబడెను. తరువాత అరెజ్జో. పదునొకండవ శతాబ్దమున గ్వీదో అను సన్న్యాసి మన సరిగమలవంటి స్వరనామములను ఏర్పరచి, పిల్లలకు పాట నేర్పుట సులభము చేసిన ఊరు. వేగపు బండి దొరకియున్నచో ఇవి నా కంట పడకుండెను.

ఫ్లోరెన్సులో ప్రధానాలయపు గుమ్మటము 463 మెట్లెక్కి చూచితిని. 1420లో మొదలుపెట్టి 1436లో ముగించిన ఆ పనికి కర్త బ్రునెల్లెస్కి. ఆయన మొదట కంసాలి పని నేర్చినవాడు. నేలనుండి కఱ్ఱల ఆధారము నిలుపకయే అంతటి గుమ్మటమును ఇటుకలతో పైకెత్తెను. నగలు చేయు చేతికి ఇటుక పేర్పు తెలిసినపుడు, వంట చేయు చేతికి రైలు పలక తెలియకపోవునా అని మెట్లు దిగుచు ధైర్యము చెప్పుకొంటిని.

ఆ ధైర్యము మరునాటి వరకే. పీసా గోపురము చూచుటకు గంటదూరపు బండి ఎక్కితిని. టిక్కెట్టు చేతిలోనున్నది, కిటికీప్రక్క చోటున్నది. టిక్కెట్టు చూచు ఉద్యోగి వచ్చి, దానిని అటునిటు త్రిప్పి, “ముద్ర ఏది?” అని ఆంగ్లమున అడిగెను. ఏమి ముద్ర? ఆ దేశమున ఇట్టి బండ్లకు కాగితపు టిక్కెట్టు కొన్నంతనే చాలదు. ఎక్కుటకు ముందు ప్లాటుఫారము వద్దనుండు చిన్నపెట్టెలో దూర్చి, తేదీ, వేళ అచ్చువేయించుకొనవలెను. లేనిచో ఒకే టిక్కెట్టుతో పలుమారులు తిరుగవచ్చును గదా! రోములో కిటికీ వెనుకనున్న ఆమె చేయి చాపి చెప్పినది ఇదియే. ఆనాడు బండిలో టిక్కెట్టు అడుగువారు రాలేదు. అదృష్టమనుకొన్నది మరియొకనాటి అపరాధమునకు నాంది అయినది. ఆ ఉద్యోగి మర్యాదస్థుడే. కాని నియమము నియమమే. మా ఇంటి ఒక నెల పాలఖర్చునకు మించిన సొమ్ము అక్కడనే చెల్లించితిని. ఎదుటనున్న వారందరు నన్ను దొంగటిక్కెట్టుదానిగా చూచుచున్నట్లు తోచి తల వంచుకొంటిని. నిజమునకు ఎవరును చూడలేదు. ఎవరి పుస్తకము వారు చదువుకొనుచుండిరి.

ఆ మనస్సుతోనే పీసాలో దిగితిని. అచటి గోపురము 1173లో మొదలిడిరి. నేల మెత్తని బంకమన్ను. మూడంతస్తులు లేచునప్పటికే ఒరగినది. పని ఆగినది. యుద్ధముల వలన ఏండ్ల తరబడి మరలమరల ఆగి, సుమారు రెండువందల ఏండ్లకు పూర్తియైనది. ఇందులోని చిత్రమేమనగా, ఆ ఆలస్యమే దానిని నిలిపినదట! నడుమ విరామము లేక కట్టియున్నచో మెత్తని నేల మోయలేక గోపురము కూలెడిది. ఆగినందున నేలకు గట్టిపడు వ్యవధి దొరకినది. 1990లో ప్రమాదమని మూసి, ఎత్తయిన వైపు నేలలోనుండి మన్ను కొంచెము కొంచెముగా తీసి, కొంత సరిచేసి, 2001లో మరల తెరచిరి. పూర్తిగా నిలువుగా చేయలేదు, కూలకుండునంత సరిచేసిరి. ఆ పచ్చికప్రక్కన కూర్చుండి, తప్పిన బండిని, చెల్లించిన అపరాధమును తలచుకొంటిని. నేనును కొంచెము ఒరగితిని, కూలలేదు. అంతియే గదా అనుకొనునప్పటికి ఆకలి వేసినది.

ఇక కడపటి ఘట్టము. ఫ్లోరెన్సునుండి వెనిసునకు పోవు బండి సాయంకాలము దాటి ఎక్కితిని. ఈమారు సంఖ్య చూచుకొంటిని, పలక చదివితిని, చోటు సరిచూచుకొంటిని. దినమంతయు ఛాయాచిత్రములు తీసిన ఫోను దారిలో ప్రాణము విడిచెను. చార్జింగు పెట్టు సరంజామా ఫ్లోరెన్సు బసలో గోడకే మరచితిని. పాదలేపనము కరగినది!

రాత్రి తొమ్మిది దాటినది. బండి ఒక స్టేషనులో ఆగెను. పలకపై వెనేజియా అని కనబడినది. చాలమంది దిగుచుండిరి. నేనును పెట్టెతో దిగితిని. బండి సాగిపోయినది. వెలుపలికి వచ్చి చూతును గదా, బస్సులు, మోటారుకారులు, బల్లపరుపు వీధులు! నీటిమీది నగరమని విని వచ్చిన నాకు బిందెడు నీరైనను కానరాలేదు. గుండె జారినది. పలక మరల చదివితిని. వెనేజియా అను మాట ప్రక్కన మెస్త్రె అని ఉన్నది. మొదటి మాట చదివి రెండవది విడిచితిని. ఛందస్సులో గణము విడిచినవానికి తండ్రిగారు వేయు మొట్టికాయ నెత్తిన పడినట్లయినది.

అపుడు నాకు తెలిసిన నిజము చెప్పెదను. ఫోను ఉన్నన్ని దినములు నేను ఆ దేశమున ఏ మనుష్యునితోను పూర్తిగా మాటాడియుండలేదు. అడిగిన, తెలియనిదానవందురేమో అని సిగ్గు. రోములో పలక ముందు నిలిచినపుడు ప్రక్కవారి నడిగియున్నచో బండి దొరకెడిది. కిటికీ వెనుకనున్న ఆమెను “తెలియలేదు, మరల చెప్పుడు” అనియున్నచో అపరాధము తప్పెడిది. నా చిక్కులన్నిటికిని మూలము తెలియకపోవుట కాదు, తెలియలేదని చెప్పలేకపోవుట.

ప్రవరుని అగ్నిదేవుడు ఇల్లు చేర్చెను. నాకొరకు అగ్నిదేవుడు రాలేదు; కూరగాయల సంచితో ఒక ముసలమ్మ బల్లమీద కూర్చుండియుండెను. దగ్గరకు పోయి, వచ్చిన రెండు మాటలలో “క్షమింపుడు, వెనేజియా?” అని, చేతితో అలలవలె చూపితిని. ఆమె ఒక క్షణము చూచి, పకపక నవ్వి, “మెస్త్రె! మెస్త్రె!” అని నేలను చూపి, దూరముగా చీకటిలోనికి చేయి చాపి “సాంతా లుచీయా” అనెను. వెనిసునకు చెందిన ముఖ్యమైన స్టేషనులు రెండు: మెస్త్రె గట్టునేల మీదిది, సాంతా లుచీయా నీటి నడుమ ద్వీపము మీదిది. మావారి నోటుపుస్తకము తీసి చిరునామా చూపితిని. ఆమె కళ్లజోడు సవరించుకొని చదివి, నా చేయి పట్టుకొని లోపలికి నడిపించి, టిక్కెట్టు కొనిపించెను. ప్లాటుఫారము వద్ద చిన్నపెట్టె కనబడగానే ఆమె చెప్పకమునుపే నేను టిక్కెట్టును దూర్చి ముద్ర వేయించితిని. ఆమె భుజము తట్టెను. నా చదువులకు ఇంతకు మించిన బిరుదు ఇంతవరకు దొరకలేదు.

పది నిమిషముల ప్రయాణము. 1846లో తెరచిన ఆ రైలువంతెన మూడు కిలోమీటర్లకు పైబడి ఉప్పుకయ్య మీదుగా పోవును. ఇరువైపుల నల్లని నీరు, నీటిలో దీపములు. స్టేషను మెట్లు దిగుటతోడనే పెద్దకాలువ! వీధి ఉండవలసిన చోట నీరు, బస్సు ఉండవలసిన చోట పడవ. నూటికి పైగా ద్వీపములను నాలుగువందలకు పైగా వంతెనలతో కుట్టిన ఊరది. నేను నోరు తెరచి నిలిచిపోతిని. ఇద్దరిని అడిగి, ఒకమారు దారి తప్పి, మూడవవారి నడిగి బస చేరితిని. ఈమారు అడుగుటకు సిగ్గు కలుగలేదు.

బస యజమానురాలు ఫోనునకు ప్రాణము పోయించెను. మన దేశమున అప్పటికి రాత్రి ఒంటిగంటన్నర దాటినది. మొదటి గంటకే మావారు ఎత్తిరి. నేను జరిగినదంతయు చెప్పితిని. ఆయన కొంతసేపు మాటాడక, “భోజనము చేసితివా?” అనిరి. వెనుకనుండి అత్తగారి గొంతు: “ఏడ్చినదా, లేదా అడుగుము.” “రోములో ఏడ్చితిని, ఇచట ఏడువలేదని చెప్పుడు” అంటిని.

సోదరీమణులారా! ఇటలీకి పోవువారు మనలో కొందరే. వారికి పనికివచ్చు మాటలు నాలుగు చెప్పి విడిచెదను. పలకపై ఊరిపేరు కాక బండిసంఖ్య చూడుడు. కాగితపు టిక్కెట్టుకు ముద్ర వేయించుడు. ఊరిపేరు చివరి మాట వరకు చదువుడు. షోపెరో అను మాట కనబడినచో అది సమ్మె. ఆనాటి ప్రయాణము ముందే సరిచూచుకొనుడు. చిరునామా కాగితముపై వ్రాసికొనుడు.

ఇటలీకి పోనివారికి, అనగా మనలో అనేకులకు, చెప్పవలసినది వేరు. మన ఇండ్లలో ఆడుపిల్లలకు చదువు చెప్పించుచున్నాము, మంచిదే. కాని ప్రయాణమునాడు టిక్కెట్టు ఎవరి చేతిలో నుండును? పలక ఎవరు చదువుదురు? కూలీతోను, గుమాస్తాతోను ఎవరు మాటాడుదురు? వారు మన మీది ప్రేమతోనే ఆ భారము మోయుచున్నారు. మనము సుఖముగానే వెనుక నడచుచున్నాము. కాని ఆ సుఖమునకు వెల ఒకనాడు ఏదో ఒక మెస్త్రెలో చెల్లింపవలసి వచ్చును. అందరికిని ముసలమ్మ దొరకునన్న నమ్మకము లేదు.

గడచిన వారము తెనాలినుండి రాజమహేంద్రవరమునకు బంధువుల ఇంటికి బయలుదేరితిమి. స్టేషను మెట్లవద్ద మావారు అలవాటు చొప్పున ముందు నడువబోగా నేను ఆపి, టిక్కెట్లు పండ్రెండేండ్ల మా అమ్మాయి చేతికిచ్చి, “మమ్ములను తీసికొని పొమ్ము” అంటిని. అది మొదట మమ్ము తప్పు ప్లాటుఫారమునకు నడిపించెను. మావారు నోరు తెరువబోయిరి. నేను కనుసైగ చేసితిని. అది పలక మరల చదివి, నాలుక కరచుకొని, ప్రక్కనున్న పూలమ్మిని తానే అడిగి, మమ్ము వెనుకకు మరల్చెను. బండి దొరకినది.

వచ్చు మాసము వడియములను గూర్చి వ్రాసెదను.

ఇట్లు,
మీ సోదరి.